పాదాలతో నడిపే విమానం

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద గోదావరిఖనికి వచ్చేవాళ్లకు బసంత్‌నగర్ అనగానే గుర్తొచ్చేవి టోల్‌గేటు, సిమెంట్ ఫ్యాక్టరీ. అక్కడొక రన్‌వే ఉందన్న సంగతి పాతవాళ్లకే ఎక్కువగా తెలుసు. కేశోరాం సిమెంట్ కంపెనీ కోసం వేసిన ఆ రన్‌వే మీద 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానాలు దిగేవి. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది. రామగుండానికి విమానాశ్రయం ఎప్పుడొస్తుందన్న ప్రశ్న మాత్రం ఆగలేదు.

దానికి జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఈ అధ్యాయంలో మనకు కావలసింది ఇంకో ప్రశ్న. ఇంతవరకూ విమానం తలుపు కూడా ముట్టని మనిషి ఓనమాల నుంచి, అదీ తోకచక్రం ఉన్న పాతకాలపు విమానంలో, ఎగరడం నేర్చుకుంటే ముందుగా ఏం నేర్చుకోవాల్సి వస్తుంది? రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో పోయిన అధ్యాయంలో చూశాం. ఇప్పుడు చక్రాల సంగతి. మూడు చక్రాల్లో చిన్నది ముక్కు కింద ఉందా, తోక కింద ఉందా అన్నంత మాత్రాన ఒక అధ్యాయానికి సరిపడా భౌతికశాస్త్రం పుడుతుందా అంటే, పుడుతుంది.

చెప్పుకోవడానికి వీలుగా ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అమ్మాయి. పదహారేళ్లు నిండాయి. వాళ్ల నాన్న ఓసీపీలో, అంటే ఓపెన్‌కాస్ట్ గనిలో, డంపర్ ఆపరేటర్. విమానం పుష్పక్. ఇది ఊహ కాదు, మన దేశంలోనే పుట్టిన విమానం. బెంగళూరులో అప్పటి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం తయారుచేసింది. 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగిరింది. అమెరికా ఏరోంకా చీఫ్ విమానం పోలికలున్న ఈ పుష్పక్‌కు 90 హార్స్‌పవర్ ఇంజను, బట్ట తొడిగిన రెక్కలు, పక్కపక్కన రెండు సీట్లు ఉంటాయి. మనుషులతో, పెట్రోలుతో కలిపి బరువు దాదాపు 600 కిలోలు. వాళ్ల నాన్న నడిపే డంపర్ ఒక్క ట్రిప్పులో మోసే మట్టి బరువులో ఇది చిన్న భాగం. దేశమంతటా ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు ఈ విమానం మీదే చేతులు, నిజానికి కాళ్లు, తిప్పుకున్నారు.

అంతకుముందు తరానిది టైగర్ మాత్. 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో మొదలైన బేగంపేట ఎయిర్‌ఫీల్డ్‌లో రెండో ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళం కోసం తొలిదశ శిక్షణ పాఠశాల నడిచింది. అక్కడ కుర్రాళ్లు నేర్చుకున్నది టైగర్ మాత్‌ల మీదే. వాటికి బ్రేకులు లేవు. తోక కింద చక్రం కూడా లేదు, నేలను గీరుకుంటూ పోయే చిన్న లోహపు కాలు ఉండేది. ఆ తర్వాత అదే బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటాలు కూడా తోకచక్రం విమానాలే. ఆడపిల్లకు ఉద్యోగం ఇవ్వడానికి మిగతా కంపెనీలు వెనకాడినప్పుడు ప్రేమ్ మాథుర్‌ను 1947లో పైలట్‌గా తీసుకున్నది ఈ హైదరాబాద్ కంపెనీయే. అంటే మన దగ్గర తోకచక్రానికి ఉన్న చరిత్ర చిన్నదేమీ కాదు.

అమ్మాయి విమానం ఎక్కి కూర్చుంది. మొదట తెలిసొచ్చేది, ముందు ఏమీ కనపడటం లేదని. తోక నేల మీద, ముక్కు ఆకాశం వైపు. అద్దంలోంచి చూస్తే ఇంజను మూత, దాని పైన మబ్బు. రన్‌వే ఎక్కడో ఆ మూత వెనకాల ఉంది. అందుకే ఈ విమానాలను నేల మీద తిన్నగా నడపరు. కాస్త ఎడమకు తిప్పి కుడి కిటికీలోంచి, కాస్త కుడికి తిప్పి ఎడమ కిటికీలోంచి దారి చూసుకుంటూ వంకరటింకరగా పోతారు. తిప్పేది చేతులతో కాదు. కాళ్ల కింద రెండు పెడళ్లు ఉంటాయి. కుడి పెడల్ నొక్కితే తోక మీది చుక్కాని, అంటే రడ్డర్, కుడికి తిరుగుతుంది. దాంతోపాటు తోకచక్రమూ తిరుగుతుంది. బైకూ కారూ చూసిన పిల్లలు మొదటి రోజు చేతిలోని కంట్రోల్‌ను స్టీరింగ్ అనుకుని తిప్పేస్తారు. విమానం పట్టించుకోదు. పక్క సీట్లోంచి ఇన్‌స్ట్రక్టర్ మాట ఒక్కటే వినబడుతుంది: "కాళ్లమ్మా, కాళ్లు!"

ఇప్పుడు అసలు విషయం. ఏ వస్తువుకైనా దాని బరువంతా ఒకే బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క వేసుకోవచ్చు. దాన్ని గరిమనాభి అంటాం. ముక్కు కింద చక్రం ఉన్న విమానంలో, అంటే ఇప్పటి సెస్నా లాంటి దానిలో, గరిమనాభి రెండు పెద్ద చక్రాలకు కొంచెం ముందు ఉంటుంది. తోకచక్రం విమానంలో కొంచెం వెనక ఉంటుంది. వెనక ఉండాల్సిందే, లేకపోతే నిలబడ్డ చోటే ముక్కు మీద పడుతుంది. ఈ "కొంచెం వెనక" అన్నదే తోకచక్రం కథంతా.

విమానం నేల మీద పరుగెత్తుతోంది. గాలి తగిలిందో, గులకరాయి తగిలిందో, ముక్కు ఒక డిగ్రీ కుడికి జరిగింది. గరిమనాభి మాత్రం పాత దిశలోనే తిన్నగా పోతానంటుంది. అది న్యూటన్ మొదటి సూత్రం. చక్రాలేమో కొత్త దిశలో దొర్లాలి. కాబట్టి టైర్లు నేలను పక్కకు ఒరుసుకుంటాయి, నేల వాటిని తిరిగి పక్కకు తోస్తుంది. ఆ తోపుడు గరిమనాభికి వెనక పడితే ముక్కును మళ్లీ దారిలో పెడుతుంది. ముందు పడితే ముక్కును ఇంకా తిప్పుతుంది. ముక్కుచక్రం విమానంలో జరిగేది మొదటిది, తోకచక్రం విమానంలో జరిగేది రెండోది. ఒక డిగ్రీ రెండవుతుంది, రెండు ఐదవుతాయి, పైలట్ కదలకుండా కూర్చుంటే తోక ముందుకొచ్చి ముక్కు వెనక్కి పోతుంది. దీన్ని పైలట్లు గ్రౌండ్ లూప్ అంటారు. రెక్క కొస నేలను గీకడం, ఒక కాలు విరగడం అందులో మామూలు.

ఇది మీరు చూడని సంగతేమీ కాదు. ట్రాక్టర్ ముందుకు పోతుంటే వెనక ట్రాలీ బుద్ధిగా వస్తుంది, డ్రైవర్ దాని సంగతే పట్టించుకోడు. అదే ట్రాక్టర్ రివర్స్ చేసేటప్పుడు చూడండి. ట్రాలీ కాస్త పక్కకు మళ్లిందంటే ఇక మళ్లుతూనే ఉంటుంది. డ్రైవర్ మెడ వెనక్కి తిప్పి, మళ్లకముందే చిన్నచిన్నగా స్టీరింగ్ దిద్దుకుంటూ ఉంటాడు. ట్రాలీ అదే, బరువూ అదే. బలం ముందు నుంచి లాగుతోందా, వెనక నుంచి తోస్తోందా అన్నదే తేడా. మన విద్యార్థిని గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ట్రాలీని రివర్స్ చేయడం నేర్చుకుంటోంది.

ఆ వేగాన్ని మీటర్లలో వేసుకుంటే సెకనుకు 22. కంటికి ఏదో కనబడి కాలు కదలడానికి మామూలు మనిషికి పట్టే సమయం సెకనులో నాలుగో వంతు దాకా ఉంటుంది. ఆలోపు విమానం ఐదు మీటర్లకు పైగా పోయింది, ముక్కు మరికాస్త తిరిగింది. అప్పుడు కంగారుపడి పెడల్ గట్టిగా తొక్కితే ముక్కు రెండో వైపు ఎగిరిపోతుంది. దాన్ని సరిచేయబోతే మళ్లీ ఇటువైపు. ప్రతిసారీ సెకనులో నాలుగో వంతు ఆలస్యంగా చేసే సవరణ, సవరణగా ఉండదు, ఊపుగా మారుతుంది. ఇంజనీర్లు దీనికి పెట్టిన పేరు డోలనం, దాని మూలం ఆలస్యం. మందు కూడా వాళ్లకు తెలుసు. పెద్ద సవరణ ఆలస్యంగా చేయకు, చిన్న సవరణలు ముందుగా, వరసగా చెయ్యి. బాగా నేర్చిన తోకచక్రం పైలట్ కాళ్లను చూస్తే పెడళ్ల మీద అవి ఊరికే ఆడుతున్నట్టు ఉంటాయి. ఒక్క తొక్కుడూ అరంగుళం దాటదు.

ఆ ముందస్తు సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? రన్‌వే మధ్యగీత వైపు తేరిపార చూస్తే రాదు. చూపు రన్‌వే చివరన పెట్టి, రెండు అంచులు కంటి కొసల్లోంచి కనబడనివ్వాలి. కంటి మధ్యభాగం అక్షరాలు చదవడానికి మంచిది, కదలికను పసిగట్టడంలో కొసలు గట్టివి. ఇంకో సాక్షి సీటు. ముక్కు తిరిగిన క్షణంలో నడుము పక్కకు తోసినట్టు ఉంటుంది. చెవిలోపలి అర్ధవృత్తాకార నాళికలు కూడా ఆ తిరుగుడును మెదడుకు చేరవేస్తాయి. ఈ మూడు వార్తలనూ కలిపి, ఆలోచన ప్రమేయం లేకుండా కాలికి పంపే పని చిన్నమెదడు నేర్చుకోవాలి. దానికి వివరణలు పనికిరావు. చేయడం, తప్పడం, మళ్లీ చేయడం, ఆ చిన్న తప్పులోంచి తేడాను లెక్కగట్టడం, ఇదే దాని పద్ధతి. అందుకే ఎంత బాగా చెప్పే ఇన్‌స్ట్రక్టరైనా మొదటి కొన్ని గంటలు విద్యార్థిని నేల మీదే అటూ ఇటూ పరుగెత్తిస్తాడు. పిల్లలకు ఇది విసుగు. డబ్బు కట్టింది ఎగరడానికి కదా అనిపిస్తుంది.

ఇక ఎగురుదాం. థ్రాటిల్ పూర్తిగా ముందుకు. వెంటనే ముక్కు ఎడమకు లాగుతుంది. పుష్పక్ ఇంజను సీట్లోంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. ఆ ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి మెలికలు తిరుగుతూ వచ్చి నిలువు తోకను ఎడమ పక్కన కొడుతుంది. తోక కుడికి, ముక్కు ఎడమకు. పైగా తోక నేల మీద ఉన్నంతసేపూ ప్రొపెల్లర్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి కుడివైపు కిందికి దిగే రేకు గాలిని ఎక్కువ కోణంతో కోస్తుంది. లాగుడు కుడివైపు ఎక్కువ, ముక్కు మళ్లీ ఎడమకే. ఈ రెండూ చాలవన్నట్టు మూడోది పొంచి ఉంటుంది. వేగం పెరిగాక కంట్రోల్‌ను ముందుకు నెట్టి తోకను పైకి లేపుతారు. అప్పుడు మొదటిసారి అద్దంలో రన్‌వే కనబడుతుంది. అదే క్షణంలో ముక్కు ఒక్కసారిగా ఎడమకు కొట్టుకుంటుంది.

దీనికి కారణం ఇంట్లో చూడొచ్చు. సైకిల్ ముందు చక్రం ఊడదీసి, ఇరుసు ఒక కొస మీ వైపు, రెండో కొస అవతలికి ఉండేలా పట్టుకోండి. ఎవరినైనా చక్రాన్ని మీకు గడియారం దిశలో కనబడేలా గట్టిగా తిప్పమనండి. ఇప్పుడు ఇరుసు అవతలి కొసను కిందికి వంచండి. అది కిందికి వంగుతూ ఎడమకు జరుగుతుంది, ఆపడానికి చెయ్యి బలం పెట్టాలి. తిరిగే వస్తువుకు కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. దాన్ని ఒక దిక్కుకు వంచబోతే అది లంబదిక్కుకు జవాబిస్తుంది. తోక లేపడం అంటే తిరుగుతున్న ప్రొపెల్లర్ ఇరుసును కిందికి వంచడమే. అందుకని తోక లేపే చెయ్యి కదిలినప్పుడే కుడికాలూ కదలాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. టైగర్ మాత్‌లోని బ్రిటిష్ జిప్సీ మేజర్ ఇంజను అపసవ్య దిశలో తిరుగుతుంది. దాని ముక్కు కుడికి లాగుతుంది. దాని మీద ఎడమకాలు అలవాటైనవాళ్లు పుష్పక్ ఎక్కితే కాలు మార్చుకోవాల్సిందే.

గాల్లోకి లేచాక తోకచక్రం బరువుగా వేలాడే ఒక ముక్క, అంతే. కానీ కాళ్లకు సెలవు లేదు. కుడికి వాలాలంటే ఎడమ రెక్క పైకి లేవాలి. ఆ రెక్క లిఫ్ట్ పెంచుకునే క్రమంలో గాలి నిరోధమూ పెరిగి వెనక్కి లాగబడుతుంది. ఫలితంగా విమానం కుడికి వాలుతూ ముక్కు ఎడమకు తిప్పుతుంది. పొడవాటి రెక్కలున్న పాత విమానాల్లో ఇది బాగా కనబడుతుంది. కొత్త విమానాల్లో డిజైనర్లు దీన్ని చాలావరకు దాచేశారు. పుష్పక్ లాంటిదాంట్లో ప్రతి మలుపులోనూ చేతితోపాటు కాలు కలవాలి.

ఇప్పుడు మన బొగ్గుగనుల ప్రాంతపు గాలి గురించి చెప్పాలి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు ఇంకెక్కడా దొరకని పాఠం ఇది. రామగుండం సముద్రమట్టానికి 150 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు కొట్టడం మనకు కొత్త కాదు. అప్పుడు వాతావరణ పీడనమూ తక్కువే ఉంటుంది. ఈ రెండూ కలిపి లెక్క వేస్తే ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.08 కిలోలు వస్తుంది. అదే జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర 1.2 కిలోలు. తేడా పదో వంతుకు పైమాటే. మే మధ్యాహ్నపు ఆ గాలి సాంద్రత, ప్రామాణిక వాతావరణంలో సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉండే గాలి సాంద్రతతో సమానం. అంటే విమానం బసంత్‌నగర్‌లో నిలబడే హార్స్‌లీ హిల్స్ శిఖరాన ఉన్నానని అనుకుంటుంది.

పల్చటి గాలి మూడు చోట్ల దెబ్బ కొడుతుంది. ఇంజను పీల్చే ఆక్సిజన్ తగ్గి బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి తగ్గుతుంది, రెక్క కింద ఆసరా తగ్గుతుంది. 90 హార్స్‌పవర్ విమానంలో వదులుకోవడానికి పెద్దగా మిగులేమీ ఉండదు. అందుకే మే నెలలో పాఠం ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు ముగియాలి. దిగేటప్పుడూ దీని లెక్క ఉంది. వేగం చూపే పరికరం గాలి ఒత్తిడిని కొలుస్తుంది, అసలు వేగాన్ని కాదు. జనవరిలో ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు నేల మీద ఉండే వేగం కంటే మేలో అదే 80 దగ్గర నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ ఉంటుంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ముల్లు ఒకే చోట ఉన్నా మే నెలలో గ్రౌండ్ లూప్‌కు అందుబాటులో ఉన్న శక్తి దాదాపు పదకొండు శాతం ఎక్కువ.

ఎండెక్కాక ఓపెన్‌కాస్టుల మీద గాలి ఉడుకుతుంది. నల్లటి బొగ్గు పొర, బొగ్గు పైనుంచి తవ్విపోసిన, చెట్టు లేని ఓబీ మట్టి కుప్పలు ఎండను పీల్చుకుని పైనున్న గాలిని వేడెక్కిస్తాయి, పక్కనున్న గోదావరి నీళ్లు అంత వేడెక్కవు. గని మీద గాలి పైకి, నది మీద కిందికి. రెండింటి మధ్య ఎగిరే చిన్న విమానానికి అది గతుకుల రోడ్డు. ఆ పైకి లేచే గాలి ఎక్కడుందో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు, గద్దలను చూస్తే చాలు. రెక్క ఆడించకుండా సుళ్లు తిరుగుతూ పైకి పోతున్న చోట అది ఉంది.

గాలి దిశకైతే మన దగ్గర 200 మీటర్లకు పైగా ఎత్తున్న గాలి సూచికలు ఉన్నాయి. ఎన్టీపీసీ చిమ్నీలు. ఇక్కడి పిల్లలు వాటిని రోజూ చూస్తారు, చదవరు. చలికాలం పొద్దున పొగ పైకి పోకుండా పలచని చాపలా అడ్డంగా పరుచుకుంటుంది. రాత్రి నేల చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉన్నందువల్ల పైకీ కిందికీ కలవడం ఆగిపోయిందని అర్థం. ఎగరడం నేర్చుకునేవాళ్లకు ఆ గాలి నిలకడ మంచిది, దుమ్మూ మంచూ చిక్కి చూపు ఆనకపోవడం చెడ్డది. మధ్యాహ్నం అదే పొగ పైకీ కిందికీ పాములా మెలికలు తిరుగుతుంది. పైన చెప్పిన గతుకుల రోడ్డు తయారైందన్నమాట. ఇంకొకటి కూడా గమనించాలి. చిమ్నీ కొసన పొగ ఒక వైపు పోతుంటే, కింద గుడి జెండానో ఆరేసిన చీరో మరో వైపు, నెమ్మదిగా ఊగుతుండొచ్చు. నేల రాపిడి గాలి వేగాన్ని తగ్గించి దిశను కూడా మారుస్తుంది. కిందికి దిగే విమానం ఈ మార్పుల్లోంచే రావాలి. పక్కగాలి అంచనా తప్పితే మొదట కష్టపడేవి మళ్లీ కాళ్లే.

దిగడం దగ్గర తోకచక్రం తన రెండో గుణం చూపిస్తుంది. వేగం కొంచెం ఎక్కువుండగా పెద్ద చక్రాలు ముందు నేలను గట్టిగా తాకాయనుకోండి. చక్రాలు ఆగాయి, వాటికి వెనకనున్న గరిమనాభి ఇంకా కిందికే పోతోంది. తోక కిందపడుతుంది. తోక పడితే ముక్కు లేస్తుంది, ముక్కు లేస్తే రెక్క గాలిని ఎదుర్కొనే కోణం పెరుగుతుంది, కోణం పెరిగితే లిఫ్ట్ పెరుగుతుంది. విమానం మళ్లీ గాల్లోకి ఎగిరిపడుతుంది, ఈసారి వేగం లేకుండా. ముక్కుచక్రం విమానంలో గరిమనాభి చక్రాల ముందుంది కాబట్టి అదే తాకిడికి ముక్కు కిందికి వంగి, లిఫ్ట్ తగ్గి, విమానం నేలకు అతుక్కుంటుంది. దారి తప్పితే ఇంకా తప్పించేదీ, తగిలితే ఎగరేసేదీ ఒకే బిందువు, ఒకే "కొంచెం వెనక". తోకచక్రాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క బొమ్మ కాగితం మీద గీసుకోండి, మిగతావన్నీ అందులోంచే వస్తాయి.

ఎగిరిపడకుండా ఉండటానికి మార్గం, నేలను తాకే క్షణానికి రెక్కలో ఎగిరే శక్తి మిగలకుండా చూడటం. రెండు మూడు అడుగుల ఎత్తులో విమానాన్ని దిగనివ్వకుండా పట్టుకోవాలి. వేగం తగ్గుతుంటే కంట్రోల్‌ను మెల్లగా వెనక్కి లాగుతూ ముక్కు లేపుతుండాలి. అద్దంలో రన్‌వే మాయమవుతుంది. మిగిలేవి అంచులు మాత్రమే. ఇక రెక్క మోయలేని స్థితికి వచ్చినప్పుడు మూడు చక్రాలూ ఒకేసారి నేలను తాకుతాయి. త్రీ పాయింట్ ల్యాండింగ్ అంటే ఇది. నేల దగ్గర రెక్క కొసల సుడులు పూర్తిగా విచ్చుకోలేవు, నిరోధం తగ్గుతుంది. అందుకే ఆ చివరి అడుగుల్లో విమానం ఎంతకీ దిగనంటూ తేలుతూ పోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే ఓపిక పోగొట్టుకుని నేలకు నెడతారు, ఎగిరిపడతారు.

తాకాక బతికిపోయామనుకుంటే పొరపాటు. రడ్డర్ బలం గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతు. గాలిలో రడ్డర్ పట్టు పోతూ, నేల మీద తోకచక్రం పట్టు ఇంకా పూర్తిగా దొరకని ఆ మధ్యకాలంలోనే ఎక్కువ గ్రౌండ్ లూపులు జరుగుతాయి. కంట్రోల్‌ను పొట్టకు ఆనేదాకా లాగి పట్టి తోకను నేలకు అదిమిపెట్టేది అందుకే. విమానం పూర్తిగా ఆగి, ఇంజను కట్టేసేదాకా కాళ్లు ఆగకూడదు.

ఇంత తలనొప్పి ఉన్నదాన్ని అన్నేళ్లు ఎందుకు వాడారు? పచ్చిక మైదానాల్లో, గుంటల్లో దిగే రోజుల్లో ప్రొపెల్లర్ నేలకు ఎత్తుగా ఉండాలి. ముక్కు కింద సన్నటి కాలు గుంటలో పడితే విరుగుతుంది. తోక కింద చిన్న చక్రం తేలిక, చవక. సిమెంటు రన్‌వేలు, జెట్ ఇంజన్లు వచ్చాక లెక్క మారింది. జర్మనీవాళ్ల మెసర్‌ష్మిట్ ఎంఈ 262 జెట్ యుద్ధవిమానం తొలి నమూనాలకు తోకచక్రమే పెట్టారు. ప్రొపెల్లర్ గాలి లేకపోవడంతో తోక ఎంతకీ లేవలేదు. 1942 జూలై 18న టెస్ట్ పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ పరుగు మధ్యలో బ్రేకులు తట్టి తోక లేపుకుని ఎగరాల్సి వచ్చింది. తర్వాతి నమూనాలకు చక్రం ముక్కు కిందికి మారింది. శిక్షణ విమానాల్లోనూ 1950ల నుంచి అదే దారి. సెస్నా 170కి తోకచక్రం ఉండేది, దాన్నే మార్చి చేసిన 172కు ముక్కుచక్రం. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం ఆ 172యే.

తోకచక్రం మీద నేర్చినవాడే అసలైన పైలట్ అని పాతతరం ఇన్‌స్ట్రక్టర్లు మీసం మెలేస్తుంటారు. నేనంత దూరం పోను. గరిమనాభిని చక్రాల ముందుకు తెచ్చి ఎన్నో ప్రాణాలను, రెక్కలను కాపాడిన ఇంజనీరింగ్‌ను తక్కువ చేయడం సైన్సు చదివినవాళ్లకు తగదు. ముక్కుచక్రం తప్పును క్షమిస్తుంది, తోకచక్రం తప్పును అక్కడికక్కడే చూపిస్తుంది. నేర్చుకునే దశలో చూపించేది మేలు, రెండొందల మంది ప్రయాణికులు వెనక కూర్చున్నప్పుడు క్షమించేది మేలు. ముక్కుచక్రం మీద నేర్చుకున్నవాళ్లు ఎప్పుడైనా అవకాశం దొరికితే కొన్ని గంటలు తోకచక్రం మీద తిరిగితే, పక్కగాలిలో వాళ్ల కాళ్లు ఎంత నిద్రపోతున్నాయో వాళ్లకే తెలుస్తుంది. నా అభిప్రాయం ఇంతవరకే.

గోదావరిఖని, మంథని, మంచిర్యాల వైపు నుంచి ఈ పుస్తకం చదివే పిల్లల్లో ఒకరికైనా నిజంగా ఎగరాలనిపిస్తే, తెలుసుకోవలసినవి కొన్నే. పదహారేళ్లు నిండి పదో తరగతి పాసైతే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు అర్హత ఉంటుంది. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు పదిహేడేళ్లు, కనీసం 40 గంటల ఎగురుడు కావాలి. కమర్షియల్ లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు, 200 గంటలు. ఈ దారి చాలా ఖర్చుతో కూడింది, అప్పు చేసేముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. అన్నిటికంటే ముందు, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 వైద్యపరీక్ష చేయించుకోండి. రంగులు గుర్తించడంలో లోపమో, చెవి సమస్యో ఉంటే అది ఫీజు కట్టాక కాదు, కట్టకముందే తెలియాలి.